ఇంటిల్లిపాదీ లెబనీస్ హోటల్‌కి వెళ్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

షార్జాలో కాపురం పెట్టి పదకొండేళ్లయింది. నవంబరులో ఎండలు తగ్గగానే ఇక్కడి తెలుగు ఇళ్లలో అమ్మానాన్నలు, అత్తమామలు విజిట్ వీసా మీద దిగుతారు. బుర్జ్ ఖలీఫా చూపించి, గ్లోబల్ విలేజ్ తిప్పాక ఒక రాత్రి లెబనీస్ హోటల్‌కి తీసుకెళ్తారు. అక్కడ కూర్చుని మెనూ ఫొటో తీసి నాకు వాట్సాప్ పెడతారు: "అక్కా, ఇందులో ఏం చెప్పమంటావ్?" ఏటా అవే ప్రశ్నలు. జవాబులు వెతుక్కుని పంపే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెట్టాను. దుబాయ్, షార్జా, అజ్మాన్ హోటళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బయల్దేరే ముందు

లెబనీస్ అంటే అరబిక్ ఫుడ్డే కదా, మండీ ఉంటుందా?

సాధారణంగా ఉండదు. మండీ యెమెన్ వంట, అందులోనూ హద్రమౌత్ ప్రాంతానిది. హైదరాబాద్ బార్కస్‌లో అది అంతగా పాతుకుపోయిందంటే, నిజాం సైన్యంలో చేరడానికి ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ల వారసులు ఆ పేటలో ఉండబట్టే. లెబనాన్ మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న దేశం. విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు, అంటే పాత గుంటూరు జిల్లా కంటే కాస్త చిన్నది. ఆలివ్ నూనె, నిమ్మకాయ, వెల్లుల్లి, పెరుగు, గోధుమ రవ్వ, నువ్వుల ముద్ద, కట్టలకొద్దీ పార్స్‌లీ ఆకు వాళ్ల వంటింటి సరుకు. అక్కడ రాజు రొట్టె. అన్నం ఉన్నా పక్కవాద్యమే.

ఏ ఊరెళ్లినా లెబనీస్ హోటల్ కనిపిస్తుంది. అంత చిన్న దేశం తిండి ఇంత దూరం ఎలా వచ్చింది?

వలసల వల్ల. వాళ్లు నూరేళ్లకు ముందు నుంచే అమెరికా ఖండాలకు వెళ్లారు. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం ఇంకెందరినో దేశం దాటించింది. వెళ్లినచోటల్లా హోటల్ పెట్టారు. ఆ దేశంలో బెకా లోయ అంచున జహ్లే అనే ఊరుంది. ఏటి ఒడ్డున వరసగా హోటళ్లు, బల్లల నిండా చిన్న చిన్న ప్లేట్లు. ఆ ఊరిని 2013లో యునెస్కో ఆహారానికి పేరుపడ్డ సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మనం దుబాయ్‌లో తినేది చాలావరకు ఆ తరహా భోజనమే.

ఏ టైముకి వెళ్తే మంచిది? టేబుల్ బుక్ చేయాలా?

లెబనీస్ కుటుంబాలు రాత్రి తొమ్మిది దాటాక తీరిగ్గా వస్తాయి, పన్నెండు దాకా కూర్చుంటాయి. ఎనిమిదింటికల్లా తినేసి మాత్ర వేసుకోవాల్సిన పెద్దవాళ్లుంటే ఏడింటికి వెళ్లండి. హాలు ఖాళీగా ఉంటుంది, వెయిటర్ ఓపిగ్గా చెబుతాడు, పొయ్యి దగ్గరున్న మంచి టేబుల్ దొరుకుతుంది. వారాంతం రాత్రులు, శుక్రవారం నమాజు తర్వాతి మధ్యాహ్నం మాత్రం ఫోన్ చేసి చెప్పే వెళ్లండి. రంజాన్ నెలలో సూర్యాస్తమయానికి హోటళ్లన్నీ ఇఫ్తార్‌కి నిండిపోతాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేడు వెళ్లిన తేదీకి ఈ ఏడూ ఖాళీ ఉంటుందనుకోవద్దు.

అక్కడ మందు, హుక్కా, డ్యాన్సులు ఉంటాయట. అత్తమామల్ని తీసుకెళ్లొచ్చా?

నిక్షేపంగా. చోటు చూసుకోవాలంతే. షార్జాలో మద్యం అమ్మరు కాబట్టి ఆ టెన్షనే లేదు. దుబాయ్‌లో రోడ్డు పక్కన విడిగా ఉండే లెబనీస్ హోటళ్లలో చాలావాటిలో మద్యం ఉండదు, స్టార్ హోటళ్ల లోపల ఉండేవాటిలో ఉంటుంది. బెల్లీ డ్యాన్సు, పాటగాళ్లు కూడా ఎక్కువగా అలాంటిచోటే, అదీ రాత్రి బాగా పొద్దుపోయాక. బుక్ చేసేటప్పుడు "ఎంటర్‌టైన్‌మెంట్ ఉందా, ఎన్నింటికి మొదలు?" అని ఒక్కమాట అడిగితే సరిపోతుంది. హుక్కా సాధారణంగా బయటి సీట్లలో ఉంటుంది. చిన్నపిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు ఉంటే లోపలి టేబుల్ అడగండి.

ఒక సంగతి. పక్క టేబుల్ మీద పాలలా తెల్లగా ఉన్న గ్లాసు చూసి మామయ్యగారు "ఆ మజ్జిగ మనకీ చెప్పండి" అంటే కంగారుపడకండి. అది అరక్ అనే సోంపు వాసన మద్యం. మామూలుగా నీళ్లలాగే ఉంటుంది, నీళ్లు కలపగానే తెల్లబడుతుంది.

మా నాన్నకి అన్నం లేకపోతే భోంచేసినట్టుండదు. ఆకలితో తిరిగొస్తారేమో?

అన్నం దొరుకుతుంది. వేయించిన సేమియా కలిపి వండిన తెల్లన్నం దాదాపు ప్రతిచోటా ఉంటుంది. మధ్యాహ్నం వెళ్తే ఆ రోజు కూరలంటూ బెండకాయ పులుసు లాంటి బామియే, చిక్కుళ్ల కూర వంటివి పెడతారు. చిరుశనగలు (మసూర్), బియ్యం కలిపి వండి పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు చల్లే ముజద్దరా మన కిచిడీకి దూరపు చుట్టం. రాత్రిపూట మాత్రం రొట్టెదే రాజ్యం. మా నాన్న మొదటిసారి వెళ్లినప్పుడు సాయంత్రమే ఇంట్లో కాస్త పెరుగన్నం తిని బయల్దేరారు. రెండోసారి ఆ జాగ్రత్త తీసుకోలేదు.

## మెనూ చేతికొచ్చాక

మెనూ పది పేజీలుంది. నలుగురికి ఏం చెప్పాలి?

బిర్యానీ హోటల్‌కి వెళ్లినట్టు "నీకేం కావాలి, నీకేం కావాలి" అని తలా ఒక ఐటమ్ చెప్పడం దగ్గరే మనవాళ్లు బోల్తాపడతారు. ఇది ఎవరి పళ్లెం వాళ్లు ముందేసుకునే తిండి కాదు. అన్నీ టేబుల్ మధ్యలోకి వస్తాయి, అందరూ అన్నిటిలోంచీ కొంచెం కొంచెం తింటారు. ఆ చిన్న ప్లేట్ల వరసనే మెజ్జే అంటారు. మొదట చల్లవి, తర్వాత వేడివి, చివర్లో బొగ్గుల మీద కాల్చిన మాంసం.

నలుగురికి నేను చెప్పే లెక్క ఇది. చల్లవాటిలో మూడు: హమ్మస్ (శనగల ముద్ద), ముతబ్బల్ (కాల్చిన వంకాయ ముద్ద), ఒక సలాడ్ (పార్స్‌లీ తరుగుతో చేసే తబ్బూలే గానీ, రొట్టె ముక్కలు వేసే ఫత్తూష్ గానీ). వేడివాటిలో రెండు: చీజ్ చుట్టి వేయించిన రకాకత్, కొత్తిమీర వెల్లుల్లి పట్టించిన ఆలుగడ్డ ముక్కలు, అదే బటాటా హర్రా. తర్వాత ఒకే ఒక్క మిక్స్‌డ్ గ్రిల్. అందులో షిష్ తావుక్ అనే చికెన్ ముక్కలు, కఫ్తా అనే ఖీమా కబాబ్, మాంసం ముక్కల కబాబ్ మూడూ వస్తాయి.

గ్రిల్ అప్పుడే చెప్పకండి. మెజ్జే సగం తిన్నాక చెప్పండి. వేడి వేడి రొట్టెతో హమ్మస్ తినేసరికే కడుపు నిండిపోయి, మాంసం ప్లేటు మొత్తం ప్యాక్ చేయించుకున్న కుటుంబాలను నేనెరుగుదును. అందులో మాదీ ఒకటి.

అడక్కుండానే పచ్చి కూరగాయల పళ్లెం తెచ్చిపెట్టారు. బిల్లులో వేస్తారా?

సాధారణంగా వేయరు. కోయని టమాటా, కీరా, లెట్యూస్ ఆకు, ముల్లంగి, పుదీనా రెమ్మలు, పక్కన ఆలివ్ కాయలు, గులాబీ రంగు ఊరగాయ. అది అతిథికి మర్యాద. ఆ గులాబీ ముక్కలు టర్నిప్ దుంప. ఉప్పునీళ్లలో బీట్‌రూట్ ముక్క వేసి ఊరబెడతారు కాబట్టి ఆ రంగు. మనవాళ్లు ఆ పళ్లెం అలంకారం అనుకుని ముట్టుకోరు. పుదీనా రెమ్మ తుంచి రొట్టెలో పెట్టుకుని తిని చూడండి. అనుమానంగా ఉంటే "ఇది ఫ్రీయేనా?" అని అడిగేయండి, ఎవరూ ఏమనుకోరు.

ముతబ్బల్, బాబా గనూష్ రెండూ వంకాయేగా? తేడా ఏంటి?

రెండిటికీ వంకాయను నిప్పుల మీద తోలు నల్లబడేదాకా కాలుస్తారు. లెబనీస్ హోటళ్లలో ముతబ్బల్ అంటే ఆ గుజ్జులో తహీనీ, అంటే నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి మెత్తగా చేసింది. బాబా గనూష్‌లో తహీనీ బదులు తరిగిన టమాటా, క్యాప్సికం, ఉల్లిపాయ, చిక్కటి దానిమ్మ పులుసు వేస్తారు. అది పుల్లగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వేరే దేశాల వాళ్లు ఈ పేర్లను అటూ ఇటూ మార్చేస్తారు కాబట్టి ఒకచోట తిన్నది ఇంకోచోట రాకపోవచ్చు.

మా అమ్మ ముతబ్బల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆగింది. వేలికి అంటినది ఇంకోసారి నాకింది. "కాల్చిన వంకాయ పచ్చడే. నువ్వులు కూడా వేశాడు. తాలింపు మర్చిపోయాడు," అంది. ఆ తర్వాత ఆ ప్లేటు ఆవిడ ముందు నుంచి కదల్లేదు.

హమ్మస్ గురించి అంత గొప్పగా చెబుతారు, మాకేమో చప్పగా అనిపించింది.

ఉడికించిన శనగలు, తహీనీ, నిమ్మరసం, ఉప్పు, కాస్త వెల్లుల్లి. అంతే కాబట్టి మన నాలుకకి మొదట చప్పగానే తోస్తుంది. విడిగా స్పూనుతో తింటే ఇంకా చప్పన. రొట్టె వేడిగా ఉండగానే, మధ్యలో పోసిన ఆలివ్ నూనె తగిలేలా తీసుకుని, మీద ఊరగాయ ముక్క పెట్టుకోండి. అప్పటికీ నచ్చకపోతే హమ్మస్ బేరూతీ అడగండి. అందులో పార్స్‌లీ, వెల్లుల్లి, కొంచెం కారం ఉంటాయి. వాళ్లకి ఇది మామూలు తిండి కాదు, పరువు. హమ్మస్ మాదంటే మాదని ఇజ్రాయెల్‌తో పోటీపడి 2010లో 10,452 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ అంకె వాళ్ల దేశ విస్తీర్ణం. కావాలనే అంత చేశారు.

మేం బీఫ్ తినం. ఏ ఐటమ్స్ దగ్గర జాగ్రత్తపడాలి?

మెనూలో "లహమ్" అని ఉంటే మాంసం అని మాత్రమే అర్థం. ఏ మాంసమో అది చెప్పదు. కఫ్తా, కిబ్బే, సమోసా లాంటి మాంసం సంబూసెక్, రొట్టెలో ఖీమా కూరి కాల్చే అరాయెస్, మీట్ షవర్మా, మకానెక్, సుజుక్ అనే సాసేజ్‌లు, హమ్మస్ మీద మాంసం వేసి ఇచ్చేది: ఇవన్నీ హోటల్‌ని బట్టి గొర్రె కావచ్చు, బీఫ్ కావచ్చు, రెండూ కలిపి కావచ్చు.

ఇక్కడ మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. వెయిటర్ "బకర్" అంటే మనకి హిందీ బక్రా గుర్తొచ్చి మేక అనుకుంటాం. అరబీలో బకర్ అంటే గోజాతి. గొర్రె, మేకలకు "ఘనమ్" అంటారు, గొర్రెకు "ఖరూఫ్" అని కూడా అంటారు. కాబట్టి "లహమ్ బకర్ వద్దు, ఘనమ్ అయితేనే" అని చెప్పండి. హోటళ్లలో మలయాళీలో, నేపాలీలో, మన ఉత్తరాది వాళ్లో ఎవరో ఒకరుంటారు, హిందీలో అడిగినా చెబుతారు. గ్రిల్ చెప్పేటప్పుడు చికెన్ ముక్కలు, ల్యాంబ్ చాప్స్ లాంటి విడి ఐటమ్స్ తీసుకుంటే అనుమానమే ఉండదు. ఖీమా రూపంలో వచ్చేవాటికి మాత్రం ప్రతిసారీ అడగాల్సిందే.

కిబ్బే అని మూడు రకాలున్నాయి. అందులో "నయ్యే" అంటే?

పచ్చి మాంసం. గోధుమ రవ్వ, మసాలాలు కలిపి మెత్తగా రుబ్బి, ఉడికించకుండా ఆలివ్ నూనె పోసి ఇస్తారు. వాళ్లకి అపురూపమైన వంటకం. గర్భిణులు, పిల్లలు, పెద్దవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. మీకు కావాల్సింది వేయించిన కిబ్బే. పైన రవ్వ పెంకు, లోపల ఖీమా, బాదం ఆకారంలో చిన్న బోండాల్లా ఉంటాయి.

కారంగా ఒక్కటీ ఉండదా?

ఉండదనే అనుకోండి. "హర్రా" అంటే కారం అని అర్థమే గానీ బటాటా హర్రా మన పిల్లలు కూడా ఊదుకోకుండా తినేస్తారు. "షత్తా" అని అడిగితే ఎర్రటి మిరప పేస్టు ఇస్తారు, అది కాస్త నయం. పర్సులో కారప్పొడి పొట్లం తెచ్చుకునే అత్తయ్యలను చూశాను. సుమాక్ చల్లిన ఉల్లిపాయ అడగండి. ముదురెరుపు రంగు పుల్లటి పొడి అది, మామిడి ఒరుగు పొడిలా నాలుక్కి తగులుతుంది. కారం లేని లోటు కొంత తీరుతుంది.

తాగడానికి ఏం చెప్పాలి?

అయ్‌రాన్ అంటే ఉప్పు మజ్జిగ. పెద్దవాళ్లకి అదే హాయి. లెమన్ మింట్ పిల్లలకి. జల్లాబ్ అనేది ద్రాక్ష, ఖర్జూరం పాకంతో రోజ్ వాటర్ కలిపి చేసే షర్బత్, పైన చిల్‌గోజా లాంటి పైన్ గింజలు తేలుతుంటాయి. చాలా తీపి, షుగర్ ఉన్నవాళ్లకి వద్దు. "వాటర్" అని ఊరికే అంటే విదేశీ గాజు సీసా తెరిచేస్తారు. "లోకల్ వాటర్" అనండి.

## శాకాహారులు ఉంటే

మా అత్తగారు ప్యూర్ వెజ్. ఆవిడకి ఏమైనా దొరుకుతుందా?

ఆవిడకే మనకంటే ఎక్కువ దొరుకుతాయి. మెజ్జేలో సగానికి సగం మాంసం లేనివే. లెబనాన్‌లో క్రైస్తవుల జనాభా పెద్దది. ఈస్టర్‌కి ముందు ఉపవాస రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు మానేసి తినే వంటలు వాళ్లకి ఒక పెద్ద వరసే ఉంది. వాటిని "సియామీ" అంటారు. వెయిటర్‌తో "వెజిటేరియన్" అంటే సలాడ్ చూపిస్తాడు. "సియామీ ఏమున్నాయి?" అనడిగితే, లెబనీస్ మనిషైతే ముఖం వెలిగిపోతుంది.

పేరు చివర "బి జేత్" అని ఉంటే ఆలివ్ నూనెలో వండినది, మాంసం లేనిది అని గుర్తు. లూబియే బి జేత్ అంటే టమాటాలో మగ్గించిన బీన్స్. వరక్ ఎనబ్ అంటే ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడికించిన చుట్టలు. చల్లగా వచ్చే బి జేత్ రకమే తీసుకోండి, వేడిగా వచ్చేవాటిలో మాంసం ఉంటుంది. పాలకూర కూరి కాల్చిన త్రికోణాలు ఫతాయెర్, పెరుగును గుడ్డలో కట్టి నీరు పిండేసిన లబ్నే, కాల్చిన హలూమీ చీజ్, ముజద్దరా ఉండనే ఉన్నాయి. ఫత్తూష్ సలాడ్‌లో కరకరలాడే రొట్టె ముక్కల మధ్య గుండ్రటి మందపాటి ఆకులు కనిపిస్తే ఆవిడకి చూపించండి. సంప్రదాయంగా అందులో వేసేది మన గంగవాయిలి కూరే.

రెండుచోట్ల జాగ్రత్త. చిరుశనగల సూప్, సేమియా అన్నం కొన్ని హోటళ్లలో చికెన్ ఉడికించిన నీళ్లతో చేస్తారు. ఒకసారి మా అత్తయ్యగారు అన్నం సగం తిన్నాక వాసన పట్టారు. పిలిచి అడిగితే "మీట్ లేదు మేడమ్, స్టాకే" అన్నాడు. ఆవిడ ఆ రాత్రి ఇంకేమీ ముట్టలేదు. అప్పటినుంచి "మాంసం ఉందా" అని కాకుండా "దేనితో ఉడికించారు" అని అడుగుతున్నాను. మరీ నిష్ఠగా ఉండేవాళ్లయితే చీజ్ గురించి కూడా అడగండి, పాలు విరగడానికి వాడే రెన్నెట్ జంతువుల నుంచి తీసినది కావచ్చు.

ఫలాఫెల్ వెజ్జే కదా, కళ్లు మూసుకుని చెప్పేయొచ్చా?

వస్తువు వెజ్జే. నానబెట్టిన శనగలు, ఒక్కోచోట బాకలా అనే పెద్ద చిక్కుడు గింజలు కూడా కలిపి, కొత్తిమీర, వెల్లుల్లితో రుబ్బి వేయించే వడలు. మన మసాలా వడకి సొంత చెల్లెలు. సమస్యల్లా నూనెతో. అదే మూకుడులో కిబ్బే, మాంసం సంబూసెక్ కూడా వేయించి ఉండొచ్చు. ఫలాఫెల్ మాత్రమే అమ్మే చిన్న కొట్లయితే ఈ బెంగ తక్కువ. పట్టింపు ఉన్నవాళ్లుంటే "వేరే నూనెనా?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేసి కాల్చినవి చెప్పుకోండి.

ఉల్లి, వెల్లుల్లి తినని రోజు వెళ్లాల్సి వస్తే?

వెళ్లకండి. వాయిదా వేసుకోండి. తప్పదంటే లబ్నే, హలూమీ, రొట్టె, ఆలివ్‌లు, పండ్లు. జాతర్ (మన జాతర కాదు) పొడి చల్లి కాల్చిన మన్‌ఊషే రొట్టెలో కూడా సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి ఉండవు. వామాకు దగ్గరి వాసన వచ్చే ఆకు, నువ్వులు, సుమాక్ కలిపిన పొడి అది. లెబనాన్‌లో పొద్దున్నే అందరూ తినే రొట్టె, 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకి కూడా ఎక్కింది.

## తినడం మొదలయ్యాక

అందరూ ఒకే ప్లేటులో రొట్టె ముంచుకుని తింటున్నారు. ఎంగిలి కాదూ?

ఈ ప్రశ్న అమ్మలందరూ అడుగుతారు, గొంతు తగ్గించి. లెబనీస్ ఇళ్లలోనూ దీనికో మర్యాద ఉంది. రొట్టె చిన్న ముక్క తుంచి, ఒకసారి తీసుకుని, ఆ ముక్క మొత్తం నోట్లో వేసుకోవాలి. కొరికిన ముక్క మళ్లీ ముంచకూడదు. అంటే వాళ్లూ ఎంగిలి పట్టించుకునేవాళ్లే, పేరే వేరు. అయినా మనసొప్పకపోతే ప్రతి ప్లేటుకీ ఒక స్పూను, తలా ఒక చిన్న పళ్లెం అడిగి, మొదటే ఎవరిది వాళ్లకి వడ్డించేసుకోండి. మా ఇంట్లో అలాగే చేస్తాం. వెజ్ ప్లేట్లన్నీ అత్తయ్యగారి వైపు, గ్రిల్ ఈ చివర.

రొట్టె ఎన్నిసార్లయినా ఇస్తారా? చల్లారితే?

చాలాచోట్ల అడిగినన్నిసార్లు ఇస్తారు, డబ్బు ఉండదు. పొయ్యి లోపలే ఉన్న హోటల్ అయితే రొట్టె బెలూన్‌లా ఉబ్బి వస్తుంది. పిల్లలు వేలితో పొడవగానే ఆవిరి బుస్సుమని ముఖం మీదికొస్తుంది, చూసుకోండి. రెండు నిమిషాల్లో అది చప్పబడి, అయిదు నిమిషాల్లో తోలులా సాగుతుంది. బుట్ట నిండా పెట్టించుకోకుండా రెండేసి చొప్పున తెప్పించుకోండి. గ్రిల్ మీద కప్పి తెచ్చే ఎర్ర పేస్టు పూసిన రొట్టెను మూత అనుకుని పక్కన పడేయకండి. మాంసం రసం పీల్చుకున్న ఆ రొట్టె కోసమే మా పిల్లలు కొట్టుకుంటారు.

చికెన్‌తో ఇచ్చిన తెల్లటి పేస్టు మయొన్నైజేనా? తినొచ్చా?

అది తూమ్. అరబీలో తూమ్ అంటే వెల్లుల్లే. వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం వేసి రుబ్బుతూ నూనెను సన్నటి ధారగా పోస్తే తెల్లగా పొంగి వెన్నలా అవుతుంది. సంప్రదాయంగా అందులో గుడ్డు ఉండదు. కొన్ని హోటళ్లలో సులువు కోసం గుడ్డు తెల్లసొనో, మయొన్నైజో కలుపుతారు కాబట్టి గుడ్డు తినని వాళ్లు అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్ షవర్మా బండ్ల దగ్గర పూసేది ఎక్కువగా మయొన్నైజే. పచ్చి గుడ్లతో చేసే ఆ మయొన్నైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది. తూమ్ ఘాటు తక్కువేం కాదు. మర్నాడు పొద్దున ఆఫీసులో మీటింగ్ ఉంటే ఆలోచించుకోండి.

పిల్లలు ఏదీ ముట్టుకోవట్లేదు. ఏం పెట్టాలి?

రకాకత్, చీజ్ మన్‌ఊషే, షిష్ తావుక్ ముక్కలు. పెరుగు, నిమ్మరసంలో నానబెట్టి కాల్చిన చికెన్ కాబట్టి కారం ఉండదు, మెత్తగా ఉంటుంది. పక్కన ఫ్రెంచ్ ఫ్రైస్ ఎలాగూ వస్తాయి. అదీ కాదంటే వేడి రొట్టెలో లబ్నే పూసి చుట్టి చేతికివ్వండి.

మా బాబుకి నట్స్ అలర్జీ. ఏవి తప్పించాలి?

ముహమ్మరా అనే ఎర్ర మిరప పచ్చడిలో అక్రోట్లు ఉంటాయి. కిబ్బే లోపల, మాంసం వేసిన హమ్మస్ మీద, జల్లాబ్‌లో పైన్ గింజలు. స్వీట్లలో పిస్తా దాదాపు అన్నిటిమీదా చల్లుతారు. నువ్వులు పడకపోతే కష్టమే. హమ్మస్, ముతబ్బల్, జాతర్, ఫలాఫెల్‌తో వచ్చే సాస్ అన్నిటిలోనూ నువ్వులే. కూర్చోగానే, ఆర్డర్‌కి ముందే మేనేజర్‌ని పిలిచి చెప్పండి. బాబు మందులు బ్యాగులో పెట్టుకునే వెళ్లండి.

## చివర్లో

స్వీట్ ఒక్కటే చెప్పాలంటే ఏది?

కునాఫా. సాగే చీజ్ మీద రవ్వ పొర, పైన పాకం. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరు. లెబనాన్‌లో దీన్ని పొద్దున టిఫిన్‌గా నువ్వుల రొట్టెలో పెట్టుకుని తింటారంటే మా నాన్న నమ్మలేదు. పాకం పోయవద్దని చెప్పి విడిగా తెప్పించుకుంటే తీపి మన చేతిలో ఉంటుంది. తేలికగా కావాలంటే మొహల్లబియా, పాలతో చేసే చల్లటి పుడ్డింగ్.

మెనూలో మెగ్లీ కనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్పండి. బియ్యప్పిండి, దాల్చినచెక్క, సోంపు, షాజీరా లాంటి కారవే గింజల పొడితో ఉడికించి పైన కొబ్బరి, బాదం వేస్తారు. పాలు కూడా ఉండవు. బిడ్డ పుట్టిన ఇంట్లో చూడవచ్చినవాళ్లకి పెట్టే తీపి ఇది. మా అమ్మ స్పూను నోట్లో పెట్టుకోగానే "బాలింత మందు వాసన" అంది.

కాఫీ అడిగితే చిన్న కప్పులో చేదు కషాయం ఇచ్చారు. తప్పు ఎక్కడ జరిగింది?

చక్కెర ముందే చెప్పకపోవడం దగ్గర. పొడి, చక్కెర కలిపి ఒకేసారి కాస్తారు కాబట్టి తర్వాత వేసుకుంటే అడుగు కదిలి పాడవుతుంది. "సాదా" అంటే చక్కెర లేనిది, "వసత్" మధ్యస్తం, "హెల్వే" తీపి. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుటక వదిలేయాలి. ఆ మడ్డి కప్పు బోర్లించి జాతకం చెప్పే ఆడవాళ్లు వాళ్లలో ఉన్నారు. నిద్ర పట్టదని భయపడేవాళ్లకి "అహ్వే బైదా", అంటే తెల్ల కాఫీ చెప్పండి. అందులో కాఫీయే ఉండదు, వేడినీళ్లలో నారింజ పూల అత్తరు నీళ్లు.

మొత్తం ఎంతవుతుంది? టిప్ ఎంత ఇవ్వాలి?

నేను వెళ్లే మామూలు స్థాయి చోట్ల నలుగురికి 200 నుంచి 300 దిర్హామ్‌లు. 5 శాతం వ్యాట్ మెనూ ధరల్లోనే కలిసి ఉంటుంది. స్టార్ హోటళ్ల లోపలైతే సర్వీస్ ఛార్జి, మున్సిపాలిటీ ఫీజు ఉంటాయి, మెనూ అడుగున సన్నక్షరాల్లో చూడండి. టిప్ తప్పనిసరి కాదు. బాగా చూసుకున్న వెయిటర్‌కి పది శాతం దాకా ఇస్తాం. నాన్నగారి ముందు బిల్లు మడిచే ఉంచండి. దిర్హామ్‌ను రూపాయల్లోకి మార్చి చూశారంటే కునాఫా గొంతు దిగదు.

మిగిలినవి ప్యాక్ చేస్తారా?

చేస్తారు, నామోషీ ఏమీ లేదు. గ్రిల్, హమ్మస్ మర్నాటికి ఫ్రిజ్‌లో ఉంటాయి. ఫత్తూష్, తబ్బూలే నీరు కారిపోతాయి, అక్కడే తినేయండి.

వెయిటర్ వెళ్తూ వెళ్తూ "సహ్‌తేన్" అన్నాడు. ఏమనాలి?

"రెండింతల ఆరోగ్యం" అని దాని మాట అర్థం. తినేవాళ్లకి చెప్పే దీవెన. జవాబుగా "అలా అల్బక్" అంటారు, "నీ గుండెకి చేరాలి" అని. ఆడమనిషికైతే "అలా అల్బిక్". మా అమ్మకి రెండూ నేర్పించి తీసుకెళ్లాను. తీరా ఆ సమయానికి మర్చిపోయి, రెండు చేతులూ జోడించి "చల్లగా ఉండు నాయనా" అంది. నేపాలీ కుర్రాడు. తనూ చేతులు జోడించి, ఆవిడకి మాత్రం ఇంకో కప్పు తెల్ల కాఫీ తెచ్చిపెట్టాడు.